డే కేర్‌లో హ్యాండ్ ఫుట్ మౌత్: పొద్దున సిరప్ పోసి దింపిపోతే నేనేం చేయాల?

బుడ్డోళ్ల టీచరమ్మ (అనంతపురం), మంగళవారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. సాయినగర్ వైపు అద్దింట్లో చిన్న డే కేర్ నడుపుతున్నాను. 22 మంది పిల్లలు, పది నెలల పాప మొదలుకొని నాలుగేళ్ల వాళ్ల దాకా. నేనూ, ఇద్దరు ఆయమ్మలూ. ఏడేళ్లలో జలుబులు, విరేచనాలు, కళ్లకలకలు అన్నీ చూశాను గానీ ఈసారి చేతులెత్తేసే పని అయ్యింది.

పోయిన వారం సోమవారం రెండున్నరేళ్ల బాబు ఎనిమిదిన్నరకు వచ్చాడు. బాగానే ఆడుకున్నాడు. పన్నెండున్నరకు పెరుగన్నం ముద్ద నోట్లో పెడితే ఉమ్మేసి ఒకటే ఏడుపు. పెరుగన్నమంటే ప్రాణం వాడికి. ఒళ్లు పట్టుకుంటే పెనం మాదిరి కాలుతోంది. ఆయమ్మ ఒళ్లో పడుకోబెట్టుకుని నోరు తెరిపిస్తే అంగిట్లో, నాలుక అంచున ఎర్రటి పుండ్లు. అరచేతుల్లో కందిగింజలంత పొక్కులు. వాళ్లమ్మకు ఫోన్ చేస్తే "పొద్దున కొంచెం వెచ్చగా ఉంటే సిరప్ పోశాను మేడం, తగ్గిపోతుందనుకున్నా" అంది. బ్యాగు తీసి చూస్తే సీసా అందులోనే ఉంది, మూత ఇంకా జిగటగా.

డాక్టరు హ్యాండ్ ఫుట్ మౌత్ అనే అంటుజబ్బు అన్నారు. శుక్రవారానికి నలుగురు. ఈరోజుకు ఏడుగురు. ఆ ఏడుగురిలో ముగ్గురిని సిరప్ పోసే దింపిపోయారు. ఆయమ్మలు ఒప్పుకోకుంటే నాకూ తెలిసేది కాదు.

ఎన్నాళ్లు ఇంట్లో పెట్టుకోమని చెప్పాల? ఇల్లంతా దేనితో కడగాల? అన్నిటికంటే ముఖ్యం, ఈ సిరప్ సంగతి ఎట్ల ఆపాల? గేటు దగ్గర నిలబడి రోజూ గొడవ పడే ఓపిక నాకు లేదు. గట్టిగా అంటే పిల్లల్ని మాన్పించేస్తారు, అద్దె కట్టాల్సింది నేనే.

---

రెండో షిఫ్టు అమ్మ, రాత్రి 10:52

అక్కా, కోపం తెచ్చుకోవద్దు. సిరప్ పోసి దింపినవాళ్లలో నేనూ ఒకదాన్ని. మీ దగ్గర కాదులెండి, వేరే చోట.

నాది బట్టల షాపులో బిల్లింగ్. ఒక రోజు రాకుంటే 500 కోత. పండగ సీజన్‌లో అయితే "రేపట్నుంచి రావద్దు" అంటారు. అత్తమ్మ తాడిపత్రిలో, మోకాళ్లు పట్టేసి లేవలేదు. మా ఆయన లారీ మీద పోతే నాలుగు రోజులకు గానీ రాడు. పాపను ఇంట్లో ఉంచితే ఒకపక్క నా జీతం కోత, ఇంకోపక్క డే కేర్ ఫీజు మాత్రం పూర్తిగా కట్టాల. రెండు పక్కలా నేనే నష్టపోవాల. ఇక ఆ పూట సిరప్ పోయకుండా ఏం చేస్తాం?

తప్పని తెలుసు. మధ్యాహ్నం ఫోన్ మోగితే గుండె జారిపోయేది.

---

పాతూరు తాతయ్య, బుధవారం ఉదయం 5:48

ఏమ్మా, నాకొక అనుమానం. మా ఊర్లో ఎద్దులకు గాలికుంటు వచ్చినప్పుడు ఇదే మాదిరి. నోట్లో పుండ్లు, గిట్టల సందుల్లో పుండ్లు, సొల్లు కారుస్తా మేత ముట్టవు. ఆ జబ్బే పిల్లోళ్లకు అంటుకుందా ఏమి? పక్కన పాలోళ్ల ఎనుములుంటే చూసుకోండి.

ఇంగొకటి. పొక్కులొస్తే మా ఇండ్లల్లో అమ్మ వచ్చిందని గుమ్మానికి వేపమండ కట్టేవాళ్లు. బయటోళ్లు లోపలికి వచ్చేవాళ్లు కాదు, ఇంట్లోవాళ్లు యాడికీ పోయేవాళ్లు కాదు. తిరగమాత కూడా పెట్టరు. మీ ఇంగ్లీషు సదువులు వచ్చినాక అదంతా మూఢం అని తీసేసినారు.

---

కక్కలపల్లి మండీ, ఉదయం 6:30

తాతా, గాలికుంటు కాదు, దీన్నే టమాటా ఫ్లూ అంటారు. 2022లో టీవీలో ఒకటే మోత. పిల్లలకు టమాటా పెట్టడం ఆపేయండి మేడం.

---

పిల్లల వార్డు సిస్టర్, ఉదయం 9:15

29 ఏళ్లు పిల్లల వార్డులో చేసి రిటైర్ అయ్యాను. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదట టమాటా సంగతి. 2022లో కేరళలోని కొల్లం వైపు పిల్లలకు ఎర్రగా, గుండ్రంగా పొక్కులొస్తే ఆ పేరు పెట్టారు. తర్వాత పరీక్షల్లో కాక్సాకీ వైరస్ తేలింది, అంటే ఈ హ్యాండ్ ఫుట్ మౌతే. పొక్కు చూడ్డానికి టమాటాలా ఉందని ఆ పేరు. టమాటా తింటే వచ్చేది కాదు. టమాటా మండీ ఉన్న కక్కలపల్లిలో ఉండి మీరే ఇట్లంటే రైతు ఏమైపోవాలయ్యా!

తాతయ్యా, మీ అనుమానం చాలామందికి వస్తుంది. గాలికుంటును ఇంగ్లీషులో ఫుట్ అండ్ మౌత్ అంటారు, పేర్లు కూడా దగ్గరగా ఉంటాయి. కానీ పశువుల గాలికుంటు వైరస్ వేరు, ఇది వేరు. ఎనుముల నుంచి పిల్లలకు రాదు, పిల్లల నుంచి ఎనుములకు పోదు.

ఇది అమ్మవారు కూడా కాదు. ఆటలమ్మ పొక్కులు సాధారణంగా ఛాతీ, వీపు, ముఖం మీద మొదలై విడతలు విడతలుగా పోస్తాయి. దీనివి అరచేతులు, అరికాళ్లు, నోరు, పిర్రల మీద ఎక్కువ. ఆటలమ్మ అయితే ఆఖరి పొక్కు కూడా ఎండి పక్కు కట్టేదాకా పిల్లను పంపకూడదు.

హ్యాండ్ ఫుట్ మౌత్ అంటుకున్నాక మూడు నుంచి ఆరు రోజుల్లో బయటపడుతుంది. మీ సోమవారం బాబు తర్వాత శుక్రవారానికి నలుగురు కావడం అందుకే. ఉమ్మి, చీమిడి, పొక్కుల నీరు, దొడ్డికి... అన్నిటిలోనూ ఉంటుంది. మొదటి వారం బాగా అంటుకుంటుంది. సిరప్ లేకుండా 24 గంటలు జ్వరం రాకపోవాలి, సొల్లు కారడం ఆగాలి, పొక్కులు ఎండాలి. దాదాపు వారం పడుతుంది, అప్పటిదాకా ఇంట్లోనే.

అయితే పిల్ల బాగయ్యాక కూడా దొడ్డికిలో వైరస్ కొన్ని వారాల పాటు వస్తూనే ఉంటుంది. అన్ని వారాలు పిల్లను ఇంట్లో పెట్టలేం కదా. అందుకే తిరిగొచ్చిన పిల్ల డైపర్ మార్చే చోటే మీ అసలు జాగ్రత్త ఉండాలి.

మీ ఆయమ్మలు శానిటైజర్ వాడుతున్నారా? కరోనా అలవాటు. కరోనా వైరస్‌కు పైన కొవ్వు పొర ఉండేది, శానిటైజర్‌కు లొంగింది. దీనికి ఆ పొర లేదు, స్పిరిట్‌కు సరిగా చావదు. సబ్బు, పారే నీళ్లు, కనీసం 20 సెకన్లు, గోళ్ల సందులతో సహా. ప్రతి డైపర్‌కూ, ప్రతి ముక్కు తుడుపుకూ. బకెట్లో అందరూ చేతులు ముంచి కడిగితే కడగనట్టే. కుళాయి లేకుంటే ఒకరు మగ్గుతో పోయాలి.

ఫినాయిల్ వాసన వస్తే శుభ్రమైనట్టు కాదు. సోడియం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రవం) సీసా తెచ్చుకోండి. దాని మీద శాతం చూడండి. 5 శాతమైతే లీటరు నీళ్లకు 20 మిల్లీలీటర్లు. ముందు సబ్బుతో మురికి పోయేలా కడిగి, తర్వాత ఈ నీళ్లు పూసి పది నిమిషాలు తడిగా వదిలేయాలి. నోట్లో పెట్టుకునే బొమ్మల్ని ఆ తర్వాత మంచినీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపాలి, నిల్వ పెడితే పదును పోతుంది. బాత్రూం కడిగే యాసిడ్‌తో మాత్రం పొరపాటున కూడా కలపొద్దు, విషవాయువు వస్తుంది. కలిపేటప్పుడు కిటికీ తీసి, పిల్లల్ని అవతలి గదిలో ఉంచండి.

ఇది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్‌తో పని లేదు. చల్లటి మజ్జిగ, పలచటి రాగి అంబలి చల్లార్చి, కారం పులుపు లేకుండా. నొప్పికి తినకపోయినా పర్వాలేదు, తాగాలి. ఆరేడు గంటలు ఒంటికి పోయకపోయినా, నిద్రలో ఉలిక్కిపడి అదురుతున్నా, ఆగకుండా వాంతులైనా, మగతగా పడి ఉన్నా, ఆయాసం వచ్చినా, జ్వరం మూడు రోజులు దాటినా చిట్కాలు మాని వెంటనే ఆసుపత్రికి.

---

బుడ్డోళ్ల టీచరమ్మ, ఉదయం 11:40

సిస్టర్, చేతులెత్తి దండం. శానిటైజరే వాడుతున్నాం, గోడకు సీసా తగిలించి మరీ! బకెట్ కూడా నిజమే. నీళ్లు వదిలే రోజు తప్పితే డ్రమ్ము నీళ్లే మాకు. ఈరోజే కుళాయి ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము తెప్పిస్తున్నా.

ఒక ఆయమ్మకు ఐదో నెల. ఆమెతో డైపర్లు మార్పించొచ్చా?

---

పిల్లల వార్డు సిస్టర్, ఉదయం 11:58

ఇది నడుస్తున్నన్ని రోజులు ఆమెకు వంట, కథలు చెప్పే పని ఇవ్వండి. తను చూపించుకునే డాక్టరమ్మకు డే కేర్‌లో ఈ జబ్బు ఉందని చెప్పమనండి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా లేదా అదీ అడిగి పెట్టుకోండి. పోయకపోతే రేపు ఏ పిల్లకైనా ఆటలమ్మ వచ్చిన రోజు ఆమె అక్కడ ఉండకూడదు.

---

రాప్తాడు అంగన్‌వాడీ, మధ్యాహ్నం 2:10

టీచరమ్మా, మా సెంటర్లో నేను చేసే పని ఒకటి చెప్తా. పొద్దున పిల్ల గడప దాటకముందే గేటు దగ్గరే "చేతులు చూపించు, నాలుక చాపు, పొట్ట చూపించు" అంటా ఆట మాదిరి. పిల్లోళ్లకు నవ్వులాట, నాకు పని అయిపోతుంది. తల్లి ఇంకా అక్కడే ఉంటుంది కాబట్టి తేడా ఉంటే ఆమెతోనే వెనక్కి.

చేరేటప్పుడే టీకా కార్డు జెరాక్స్ తీసుకోండి. ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా టీకా) రెండు డోసులు పడ్డాయా చూడండి, తొమ్మిది నెలలు నిండినాక ఒకటి, 16 నుంచి 24 నెలల్లో ఒకటి. విరేచనాలు రాకుండా వేసే రోటా చుక్కలు మన రాష్ట్రంలో 2016 నుంచే ఉన్నాయి. ఆటలమ్మ టీకా, గవదబిళ్లల టీకా సర్కారు లిస్టులో లేవు, కావాలంటే ప్రైవేటులో వేయించుకోవాల్సిందే. జ్వరంతో ఒంటి నిండా ఎర్రగా దద్దు వస్తే తట్టు అనుమానం, ఏఎన్‌ఎమ్‌కు (ఆరోగ్య కేంద్రం నర్సమ్మకు) చెప్పండి, వాళ్లు రక్తం తీసి పంపిస్తారు. దాచిపెడితే మనకే చుట్టుకుంటుంది.

---

కర్నూలు నాన్న, సాయంత్రం 7:05

మాకు జరిగింది వేరే రకం. కర్నూల్లో మా పాప పోయే చోట, పాపకు ఆటలమ్మ వచ్చిందని మేమే ముందుగా ఫోన్ చేసి చెప్పాం. పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులో పాప పేరు, ఫోటో, "ఈ అమ్మాయితో ఆడుకున్న పిల్లలు జాగ్రత్త" అని. పక్కింటివాళ్లు రెండు నెలలు మా పాపను ముట్టుకోనివ్వలేదు. పుట్టినరోజుకు పిలిస్తే ముగ్గురు వచ్చారు. నా భార్య అప్పుడే అనేసింది, ఇంకోసారి ఏం వచ్చినా చచ్చినా చెప్పనని.

నిజం చెప్పినవాళ్లకు మీరేం చేస్తున్నారో కూడా చూసుకోండి టీచర్ గారూ.

---

నిర్వాహకులు, సాయంత్రం 7:30

కర్నూలు నాన్న చెప్పిన ప్లే స్కూల్ పేరు అడుగుతూ వచ్చిన రెండు కామెంట్లు తీసేశాం. పిల్లల పొక్కుల ఫోటోలు కూడా ఇక్కడ పెట్టొద్దు.

---

కడప లెక్కల సారు, రాత్రి 9:44

భావాలు అయ్యాయి, లెక్కకు వద్దాం. టీచరమ్మ నెల ఫీజు ఎంత? ఎన్ని రోజులు నడుస్తుంది? ఒక పిల్ల రాకపోతే తిండి ఖర్చు ఎంత మిగులుతుంది?

---

బుడ్డోళ్ల టీచరమ్మ, రాత్రి 10:15

3,600 సారూ. నెలకు 24 రోజులు. రెండు పూటలా టిఫిన్, అన్నం, పాలు మాదే. రాకపోతే మిగిలేది మహా అయితే ఒక 50.

---

కడప లెక్కల సారు, రాత్రి 10:31

అంటే రోజుకు 150. జబ్బు అని పొద్దున ముందుగా చెప్పి ఇంట్లో పెట్టుకున్న రోజుకు సగం, 75, వచ్చే నెల ఫీజులో తగ్గిస్తారనుకోండి. మిగిలే తిండి 50 తీసేస్తే మీ చేతి నుంచి పోయేది 25. ఏడుగురు పిల్లలు, ఆరేసి రోజులు: 7 × 6 × 25 = 1,050.

ఇప్పుడు అవతలి లెక్క. జబ్బు పాకి ఒక్క కుటుంబం మానేస్తే నెలకు 3,600. మీరే చెప్పండి.

ఆ షాపు అమ్మాయి చెప్పిందే అసలు పాయింటు. దాచితే ఆమెకు లాభం, చెబితే నష్టం. ఆ లెక్క తిప్పకుండా గేటు దగ్గర థర్మామీటరు పెడితే, వాళ్లు సిరప్ ఇంకో అరగంట ముందు పోస్తారు, అంతే.

---

రెండో షిఫ్టు అమ్మ, రాత్రి 10:50

75 రూపాయలకు కాదు సారూ, ఇంట్లో ఉంచుకున్నందుకు ఎవరో ఒకరు మెచ్చుకున్నట్టు ఉంటుంది. అది చాలు. రోజంతా కాకపోయినా సగం రోజు పక్కింటి అక్కను బతిమాలుకుంటా.

---

పిల్లల వార్డు సిస్టర్, గురువారం ఉదయం 8:20

సిరప్ గురించి తల్లులకు ఇంకోటి చెప్పండి, "మోసం చేస్తున్నారు" అనకుండా. పారాసిటమాల్ పని చేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. ఎనిమిదింటికి పోస్తే పన్నెండు దాటాక జ్వరం మళ్లీ పైకి వస్తుంది, అది మీ చేతుల్లోనే. పొద్దున పోసిన సంగతి తెలియక పదిన్నరకు మీరు ఇంకో డోసు పోస్తే? పైగా ఇదే మందు ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు, ఇంకో సీసాలో 250. మూత ఒకటే, కొలత ఒకటే, మందు రెట్టింపు. లివరు మీద పడుతుంది. సీసా పేరు, 5 మిల్లీలీటర్లకు ఎన్ని మిల్లీగ్రాములో, ఎంత పోశారో, పోసిన టైము ఒక చీటీ మీద రాసి బ్యాగులో పెట్టమనండి. చీటీ తెచ్చిన తల్లిని ఆ రోజు తిట్టొద్దు.

---

బుడ్డోళ్ల టీచరమ్మ, ఆదివారం సాయంత్రం 6:10

రెండు రోజులు మూసి అంతా కడిగాం. సిస్టర్ చెప్పిన కొలత ప్రకారం నీళ్లు కలిపి, పళ్లేల నుంచి ఊయల తాళ్ల దాకా. మెత్తటి బొమ్మలు మూట కట్టి అటక ఎక్కించేశా.

గ్లాసుల దగ్గర నాకే సిగ్గేసింది. 22 మందికి ఎనిమిది స్టీలు గ్లాసులు, కుండ మీద బోర్లించి. ఒకరు తాగి పెడితే ఇంకొకరు. మన ఇళ్లల్లో పెళ్లి సామానుకు పేర్లు కొట్టిస్తాం కదా, శనివారం పాతూరులో సామాన్ల అంగడిలో 22 చిన్న గ్లాసులు తీసుకుని ఒక్కోదాని మీద ఒక్కో పేరు కొట్టించా. చదువు రాని బుడ్డోళ్లకు పేరు పక్కన చేప, గొడుగు, మామిడికాయ. ఆయన మిషన్‌తో గీస్తూ "ఏమ్మా, ఇంతమంది బిడ్డలా నీకు?" అన్నాడు. అవునన్నా.

ఇక రూలు ఒక్కటే పెట్టా. పొద్దున 7:30 లోపు "ఒంట్లో బాలేదు" అని నాకు ఒక్కదానికే మెసేజ్ పెట్టి ఇంట్లో ఉంచుకుంటే రోజుకు 75 తగ్గింపు, పిల్ల పేరు గ్రూపులో రాదు. ఇక్కడికి వచ్చాక జ్వరం వస్తే గంటలో ఎవరైనా వచ్చి తీసుకెళ్లాలి, రాగలిగినవాళ్ల నంబర్లు రెండు ముందే ఇవ్వాలి. ఒక నాన్న అరిచారు, "మేము డబ్బులు కట్టేదే చూసుకోవడానికి కదా" అని. ఆయన్ను ఏమీ అనలేదు, ఆలోచించుకోమన్నా.

తాతయ్యా, ఒకటి మీ దగ్గర తీసుకున్నా. పేరు చెప్పకుండా జబ్బు ఉందని అందరికీ తెలియాలంటే ఎట్ల అని ఆలోచిస్తుంటే మీ వేపమండ గుర్తొచ్చింది. అంటుజబ్బు ఉన్నన్ని రోజులు గేటుకు వేపమండ, కింద అట్టముక్క మీద జబ్బు పేరు, చూసుకోవాల్సిన గుర్తులు. అంతే.

---

పాతూరు తాతయ్య, రాత్రి 8:02

మంచిదమ్మా. ఎండిపోయినాక మార్చు. ఎండిన మండ కడితే ఎవరూ చూడరు.

---

బుడ్డోళ్ల టీచరమ్మ, ఐదు వారాల తర్వాత, సోమవారం ఉదయం 7:55

ఈ చర్చను మళ్లీ పైకి తెస్తున్నందుకు ఏమనుకోకండి. మొత్తం తొమ్మిది మందికి వచ్చి ఆగింది. వేపమండ 16 రోజులకు తీసేశా. అరిచిన నాన్న మాన్పించేశారు, ఆ సీటు నాలుగు రోజుల్లో నిండింది.

సిస్టర్, నిన్న మొదటి బాబు వాళ్లమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. వాడి బొటనవేలి గోరు మొదట్లో విడిపోయి పైకి లేచిందట, ఇంకో వేలిది ఊడే వచ్చిందట. నొప్పి లేదంటోంది. మా బ్లీచింగ్ నీళ్ల వల్లేనా?

---

పిల్లల వార్డు సిస్టర్, ఉదయం 8:30

కాదు తల్లీ. ఈ జబ్బు తగ్గిన కొన్ని వారాలకు కొందరు పిల్లలకు గోళ్లు ఇట్ల ఊడతాయి. కింద నుంచి కొత్త గోరు అదే వస్తుంది. పీకొద్దు, బట్టకు తట్టుకోకుండా అంచు కత్తిరించమనండి. ఎర్రగా వాచినా, చీము పట్టినా చూపించాలి.

---

బుడ్డోళ్ల టీచరమ్మ, ఉదయం 8:41

చెప్పేశా, ఊపిరి పీల్చుకుంది. అన్నట్టు ఈరోజు పొద్దున 6:40కి ఒకమ్మ మెసేజ్: "మేడం, పాపకు రాత్రి నుంచి మూడు సార్లు నీళ్ల విరేచనం. ఓఆర్ఎస్ పడుతున్నా. పంపడం లేదు. గేటుకు మండ కడతారా?"

---

పిల్లల వార్డు సిస్టర్, ఉదయం 8:50

ఒక్కరికే అయితే ఇంకా కట్టక్కర్లేదు. ఓఆర్ఎస్‌తో పాటు జింకు 14 రోజులు, విరేచనం ఆగినా మానొద్దని చెప్పండి. ఆఖరి విరేచనం అయ్యాక 48 గంటలు ఆగి పంపమనండి.

---

కడప లెక్కల సారు, ఉదయం 9:12

కనీసం మూడు రోజులు. 225 రాసుకోండి.